కాలేయానికి రెండు దారుల రక్తం: బోధనలో ఒక లోపం

శాస్త్ర విషయాలను ప్రజలకు చెప్పేటప్పుడు రెండు విధాల పొరపాట్లు జరుగుతాయి. ఉన్నదానిని తప్పుగా చెప్పటం ఒకటి. ముఖ్యమైనదానిని చెప్పకుండా విడిచిపెట్టటం రెండవది. మొదటి తప్పును తెలిసినవారు ఎవరో ఒకరు త్వరలోనే పట్టుకొంటారు. రెండవది ఎవరికీ కనిపించదు. చదివినవాడు విషయమంతా తనకు తెలిసినదనే అనుకొంటాడు. కాలేయ మార్పిడిని గూర్చి తెలుగులో వెలువడుతున్న పాఠాలు, వార్తలు, కరపత్రాలలో తరచుగా కనిపించేది ఈ రెండవ పొరపాటే. వాటిలో అసత్యం అరుదు. అయితే ఆ చికిత్స ఫలితాన్ని చాలావరకు నిర్ణయించే ఒక సన్నని రక్తనాళం, అనగా కాలేయ ధమని, వాటిలో దాదాపు కనిపించదు.

ఇది పండితుల మధ్య తగవు కాదు. ఉత్తర తెలంగాణపు కుటుంబాలకు ఇది ప్రాణంతో ముడిపడిన విషయం. 2016 అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు చిన్న జిల్లాలుగా విడిపోయినవి. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు జిల్లా కేంద్రాలయినవి. కాని కాలేయ మార్పిడి అవసరమైన రోగి సాధారణంగా వెళ్ళవలసిన ఊరు మాత్రం హైదరాబాదే. కరీంనగరం నుంచి అది సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుంచి సుమారు 300 కిలోమీటర్లు. శస్త్రచికిత్స అక్కడ జరుగుతుంది. ఆ తరువాతి జీవితం ఇక్కడ గడుస్తుంది. ఇంటికి వచ్చిన రోగికి జ్వరమో, కామెర్లో వచ్చిన నాడు ఇంట్లోవారు ఏమి అనుకొంటారు, ఎంత త్వరగా కదులుతారు అన్నది వారికి ముందుగా తెలిసిన విషయాన్ని బట్టి ఉంటుంది. ఆ తెలివిడిని ఇవ్వవలసినవి పాఠశాల, పత్రిక. అవి ఇస్తున్నది ఏమిటో పరిశీలించవలసి ఉన్నది.

పటంలో ఉన్నది, లేనిది

రక్త ప్రసరణను చూపే సాధారణ పటంలో కాలేయం ఒక గోధుమ రంగు ముద్దగా ఉంటుంది. పేగుల నుంచి ఒక లావాటి నీలిరంగు గీత దానిలోకి వస్తుంది. అది కాలేయ నిర్వాహక సిర. గుండె వైపు నుంచి ఒక ఎర్రని సన్నగీత వస్తుంది. అది కాలేయ ధమని. వాటి కింద ఒక వాక్యం ఉంటుంది: కాలేయానికి రెండు మార్గాల ద్వారా రక్తం అందుతుంది. పరీక్షకు ఈ వాక్యం చాలును. విషయానికి చాలదు.

పెద్దవాని కాలేయం గుండా నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం ప్రవహిస్తుంది. ఇందులో ముప్పాతిక వంతు నిర్వాహక సిర తెచ్చేది. మిగిలిన పాతిక వంతు ధమని తెచ్చేది. ఈ లెక్క చూసిన విద్యార్థి సిర ప్రధానమనీ, ధమని ఉపాంగమనీ తలచటంలో వింత లేదు. కాని సిరలోని రక్తం అప్పటికే పేగులను, ప్లీహాన్ని చుట్టి వచ్చినది. దానిలోని ఆమ్లజని కొంత ఖర్చు అయినది. ధమనిలో వచ్చేది గుండె నుంచి నేరుగా వచ్చే తాజా రక్తం. అందువల్ల కాలేయానికి అందే ఆమ్లజనిలో దాదాపు సగం ఆ పాతిక వంతు రక్తం ద్వారానే వస్తుంది.

అసలు సంగతి ఇంకొకటి ఉన్నది. కాలేయ కణాలు రెండు దారుల రక్తాన్నీ వాడుకొంటాయి. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని బయటికి తెచ్చే నాళాలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వాటి గోడలకు రక్తం ఇచ్చేది ధమని కొమ్మలే. పాఠంలో ఉండవలసిన ప్రధాన వాక్యం ఇది. సాధారణంగా లేని వాక్యమూ ఇదే.

జగిత్యాల ప్రాంతపు రైతు దీనిని ఒక్క మాటలో గ్రహించగలడు. పల్లపు మడులకు కాలువ నీరు పారుతుంది, బావి నీరు కూడా తోడవుతుంది. మెరకమీది మామిడి తోటకు బావి నీరు ఒక్కటే దిక్కు. బావి మోటారు కాలిపోతే కాలువ నిండుగానే ఉంటుంది. దారిన పోయేవాడు నీటికి కొదువ లేదనే అంటాడు. తోట మాత్రం ఎండుతుంది. ఎంత నీరు వస్తున్నది అన్న ప్రశ్న ఒకటి. ఏ నీటి మీద ఎవరు ఆధారపడి ఉన్నారు అన్న ప్రశ్న మరొకటి. పాఠం మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పి ఆగిపోతున్నది.

ఈ రెండు దారులు ఒకదానికొకటి సమానంగా సాయపడవు కూడా. నిర్వాహక సిరలో ప్రవాహం తగ్గితే ధమని వెడల్పయి తన ప్రవాహాన్ని కొంత పెంచుతుంది. ధమనిలో తగ్గితే సిర అందుకు బదులుగా తన ప్రవాహాన్ని పెంచదు. అంటే సాయం ఒకవైపే నడుస్తుంది.

మార్పిడిలో మారిపోయేది

ఆరోగ్యవంతునిలో కాలేయ ధమని మూసుకొన్నా చాలాసార్లు ప్రాణాపాయం ఉండదు. కాలేయాన్ని ఉదర వితానానికీ, ఇరుగుపొరుగు అవయవాలకూ కలిపే పొరలలో చిన్న చిన్న ధమనులు ఉంటాయి. ప్రధాన మార్గం మూతపడితే అవి క్రమంగా వెడల్పయి అడ్డదారిన రక్తాన్ని చేరుస్తాయి. కాని ఒకరి శరీరం నుంచి కాలేయాన్ని తీసేటప్పుడు ఆ పొరలన్నిటినీ కోయక తప్పదు. కొత్త శరీరంలోకి వచ్చిన కాలేయానికి మొదటి రోజులలో అడ్డదారులు లేవు. వైద్యుడు కుట్టిన ఒక్క ధమనే దారి.

పైత్యరస నాళం పరిస్థితి ఇంకా ఇరుకు. 1979లో నార్తోవర్, టెర్‌బ్లాంచ్ అనే ఇద్దరు వైద్యులు ఈ నాళపు రక్తనాళాలలో జిగురు పదార్థాన్ని నింపి, అచ్చులు తీసి పరిశీలించారు. కాలేయం వెలుపలి ప్రధాన నాళానికి చేరే ధమని రక్తంలో నూటికి సుమారు 60 వంతులు కింది నుంచి పైకీ, 38 వంతులు పై నుంచి కిందికీ వస్తాయని వారు కనుగొన్నారు. దాత శరీరంలో ఆ నాళాన్ని కోసినప్పుడు కింది నుంచి వచ్చే పెద్ద భాగం తెగిపోతుంది. మిగిలేది కాలేయ ధమని వైపు నుంచి వచ్చే చిన్న భాగం. ఆ ధమని కూడా మూసుకుంటే నాళపు గోడ చచ్చిపోతుంది. పైత్యరసం కారుతుంది. నాళం అక్కడక్కడ ఇరుకవుతుంది. కాలేయంలో చీము పొక్కులు ఏర్పడతాయి. చాలామందికి మరొక కాలేయం అమర్చటం తప్ప మార్గం ఉండదు.

ఈ వివరం తెలిసిన విద్యార్థికి పైత్యరసం, రక్త ప్రసరణ, అవయవ మార్పిడి అనే మూడు వేరువేరు ముక్కలు ఒక్క విషయంగా కలుస్తాయి. ఇప్పటి బోధనలో అవి మూడు పాఠాలలో మూడు చోట్ల ఉంటాయి. విసర్జన పాఠంలో మూత్రపిండాల సందర్భంగా అవయవదానం ముచ్చట వస్తుంది. పైత్యరసం జీర్ణక్రియలో వస్తుంది. ధమనులు ప్రసరణలో వస్తాయి. వాటిని కలిపే దారం ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది.

ఒకే పటం, అనేక శరీరాలు

పటంలో మరొక లోపం ఉన్నది. అది అందరికీ ఒక్కటే పటం. కాలేయ ధమని ఒకే చోట పుట్టి, కుడి ఎడమలుగా చీలి కాలేయంలో ప్రవేశిస్తుందని పటం చూపుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నికొలస్ మైకెల్స్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు 200 మృతదేహాలను ఓపికగా విచ్ఛేదనం చేసి చూశాడు. ఆయన 1955లో ఒక గ్రంథాన్ని, 1966లో ఒక వ్యాసాన్ని ప్రకటించాడు. పటంలో ఉన్నట్లుగా ధమని ఉన్నది నూటికి 55 మందిలో మాత్రమే. మిగిలినవారిలో కుడి కొమ్మ పేగుల ధమని నుంచి పుట్టటం, ఎడమ కొమ్మ జీర్ణాశయపు ధమని నుంచి రావటం, అదనపు కొమ్మలు ఉండటం వంటి భేదాలు కనిపించినవి. వాటిని ఆయన పది రకాలుగా వర్గీకరించాడు.

1994లో లాస్ ఏంజెలస్ వైద్యులు మార్పిడికై సేకరించిన 1,000 కాలేయాల వివరాలు ప్రకటించారు. అందులో నూటికి దాదాపు 76 కాలేయాలలో ధమని పటంలో వలెనే ఉన్నది. 55 ఎక్కడ, 76 ఎక్కడ అని విద్యార్థి అడగవచ్చును, అడగాలి కూడా. ఒకచోట సన్నని అదనపు కొమ్మలను సైతం వెదకి లెక్కించిన విచ్ఛేదకుడు, మరొకచోట శస్త్రచికిత్స సమయంలో పనికి వచ్చినంత మేర చూసిన వైద్యులు. ఎలా చూశారు అన్నదానిని బట్టి లెక్క మారుతుందనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఏ లెక్క తీసుకొన్నా నలుగురిలో ఒకరికైనా పటం వర్తించదు.

వైద్యునికి ఇది పుస్తక విషయం కాదు. పేగుల ధమని నుంచి పుట్టిన కుడి కొమ్మ ఉన్నదని గమనించక దానిని కోస్తే, కాలేయపు కుడి భాగానికి ధమని రక్తమే ఉండదు. అటువంటి రెండు మూడు కొమ్మలు ఉన్న కాలేయానికి అతుకులు పెరుగుతాయి. అతుకులు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుచేతనే బతికి ఉన్న దాత నుంచి కాలేయంలో కొంత భాగాన్ని తీసే ముందు ఆ దాత రక్తనాళాలను సి.టి. పరీక్షలో ఫొటో తీసి చూస్తారు. బంధువు ముందుకు వచ్చినా "మీ కాలేయం పనికిరాదు" అని వైద్యులు అనటానికి గల కారణాలలో ఇటువంటి నిర్మాణ భేదం కూడా ఒకటి కావచ్చును. పటమే సత్యమని నేర్చుకొన్నవానికి ఈ మాట అర్థం కాదు. తన శరీరంలో ఏదో జబ్బు ఉన్నదని భయపడతాడు.

రెండు మూడు మిల్లీమీటర్ల పని

1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురి అయి మరణించాడు. తెగినది నిర్వాహక సిర. ఆ కాలంలో దానిని కుట్టటం వైద్యులకు చేతకాలేదు. అప్పుడు అదే నగరంలో వైద్య విద్యార్థిగా ఉన్న అలెక్సిస్ కారెల్ రక్తనాళాలను కుట్టే పద్ధతిని కనిపెట్టాలని పూనుకొన్నాడు. బట్టల మీద పూలు కుట్టే ఒక స్త్రీ వద్ద సన్నని సూది పని నేర్చుకొన్నాడు. 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. గుండ్రని నాళపు అంచును సమదూరంలో మూడు చోట్ల పట్టి లాగితే వృత్తం త్రిభుజమవుతుంది. తిన్నని భుజాల వెంట కుట్టటం సులువు. 1912లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది.

మానవునిలో మొదటి కాలేయ మార్పిడిని 1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చేశాడు. రోగి మూడేళ్ళ బాలుడు; రక్తస్రావం ఆగక ఆ బల్లమీదనే మరణించాడు. ఏడాదికి పైగా జీవించిన మొదటి రోగికి చికిత్స జరిగినది 1967లో. భారతదేశంలో మొదటి సఫల చికిత్స 1998లో ఢిల్లీలో ఒక పసివానికి జరిగినది.

చికిత్సలో సాధారణంగా మొదట సిరలను కలుపుతారు. నిర్వాహక సిర పట్టు విడువగానే పాలిపోయి ఉన్న కాలేయం ఎర్రబడుతుంది. చూచేవానికి పని పూర్తి అయినట్లే ఉంటుంది. అసలు సన్నని పని ఆ తరువాత మొదలవుతుంది. పెద్దవాని కాలేయ ధమని వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు. బతికి ఉన్న దాత ఇచ్చిన కాలేయ భాగంలోనైతే అది తరచుగా రెండు మూడు మిల్లీమీటర్లే. మన దేశంలో జరిగే కాలేయ మార్పిడులలో ఎక్కువ భాగం బతికి ఉన్న దాతలతో జరిగేవే. ఇక్కడ వాడే దారం తలవెంట్రుక కంటె సన్ననిది. జపానులోని క్యోటో వైద్యులు 1990 నుంచి పిల్లలకు బంధువుల కాలేయ భాగాన్ని అమరుస్తూ, ధమని అతుకును సూక్ష్మదర్శిని కింద కుట్టే పద్ధతిని ప్రవేశపెట్టి 1992లో వివరించారు. ధమని మూసుకొనటం అందువల్ల బాగా తగ్గినది.

కరీంనగరపు వెండి తీగ పనివారి చేతిలో తీగ ఎంత సన్నగా ఉంటుందో చూసినవారికి ఈ పని స్వభావం తెలుస్తుంది. ఒక తేడా ఉన్నది. వెండి పనిలో అందం బయటికి కనిపించాలి. ధమని కుట్టులో నునుపు లోపల ఉండాలి. సిరిసిల్ల మగ్గం మీద తెగిన పోగును అతికినప్పుడు ముడి లావయితే అది ఎక్కడో తట్టుకొని మళ్ళీ తెగుతుంది. ధమనిలో అతుకు లోపలికి పొడుచుకు వస్తే అక్కడ రక్తం పేరుకుంటుంది.

వెడల్పు ఎందుకు అంత ముఖ్యమో భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద చూపవచ్చును. సన్నని గొట్టంలో నిలకడగా పారే ద్రవం విషయంలో, పీడనం మారనప్పుడు, ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని ప్వాజోయి 19వ శతాబ్దంలో నిరూపించాడు. నాలుగు మిల్లీమీటర్ల గొట్టం రెండుకు తగ్గితే ప్రవాహం సగం కాదు, పదహారవ వంతు అవుతుంది. శరీరంలో రక్తం ఈ సూత్రాన్ని అచ్చంగా పాటించకపోయినా, అతుకు దగ్గర కొద్దిపాటి ఇరుకు ఎంత కీడు చేస్తుందో ఊహించటానికి ఇది చాలును.

వార్త ఎక్కడ ఆగుతున్నది

ఇక పత్రికల సంగతి. అవయవ మార్పిడి వార్త అనేసరికి గ్రీన్ చానల్ కథనం సిద్ధంగా ఉంటుంది. మెదడు మరణించిన దాత ఒక ఆసుపత్రిలో, రోగి మరొక ఆసుపత్రిలో. పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు. అంబులెన్సు ఇన్ని కిలోమీటర్లను ఇన్ని నిమిషాలలో దాటినది. ఆసుపత్రి ద్వారం వద్ద కథ ముగుస్తుంది.

ఈ కథనాల మేలును కాదనరాదు. మానవ అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చినా, మెదడు మరణమంటే ఏమిటో సామాన్యులకు తెలియటానికి చాలాకాలం పట్టినది. 2013లో జీవన్‌దాన్ పథకం పని ప్రారంభించిన తరువాత దుఃఖంలో ఉన్న ఎన్నో కుటుంబాలు అవయవదానానికి ఒప్పుకొన్నాయి. ఆ త్యాగాన్ని పత్రికలు గౌరవంతో రాశాయి. ఆ గౌరవం చదివిన మరికొందరిని కదిలించినది. తొందర కూడా ఉత్తది కాదు. శీతల ద్రవంలో కాలేయం ఎక్కువ గంటలు ఉన్న కొద్దీ చెడుతుంది.

అయినా ఈ కథనం పాఠకునికి నేర్పే పాఠం ఒకటే: ఆటంకమంతా రోడ్డు మీద ఉన్నది, దానిని దాటితే విజయం. మరునాడు "చికిత్స విజయవంతం" అని వార్త వస్తుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్యులు 2009లో అనేక దేశాల నివేదికలను కలిపి చూశారు. చికిత్స తరువాత తొలిదశలోనే కాలేయ ధమని మూసుకుపోవటం నూటికి సగటున 4.4 మందిలో జరిగినది, పెద్దలలో 2.9, పిల్లలలో 8.3. అటువంటి రోగులలో సగానికి మించి మరొక కాలేయం అవసరమైనది. మూడింట ఒకరు మరణించారు. ఆ లోపం బయటపడిన రోజుల మధ్యగతం సుమారు 7. మధ్యగతం అంటే ఏమిటో పదవ తరగతి విద్యార్థికి తెలుసు. సగం మందిలో ఈ చిక్కు మొదటి వారం గడిచిన తరువాత బయటపడినదని దాని అర్థం. అటువంటప్పుడు రెండవనాటి వార్తలో విజయం అనే మాటకు విలువ ఎంత?

ఇటువంటివి రాస్తే దాతలు వెనుకంజ వేస్తారు, రోగులు భయపడతారు అన్న వాదం ఒకటి ఉన్నది. ఇది తోసిపుచ్చదగిన వాదం కాదు. భయపెట్టే వార్త వల్ల అవయవదానం తగ్గితే ఆ నష్టం కూడా ప్రాణనష్టమే. కాని పై అంకెలను రెండోవైపు నుంచి చదవవచ్చును: పెద్దలలో నూటికి 97 మందికి తొలిదశలో ఈ చిక్కు రాలేదు. కష్టం ఉన్నదని చెప్పి, దానిని వైద్యులు ఎలా కనిపెడుతున్నారో కూడా చెప్పిన వార్త భయపెట్టదు, నమ్మకాన్ని గట్టిపరుస్తుంది. దాత కుటుంబం ఇచ్చిన కానుక నిలవాలంటే పుచ్చుకొన్న కుటుంబం ఏమి చేయాలో తెలియాలి. ఆ సంగతి దాచటం దాతకు గౌరవం కాదు.

మాటలతో వచ్చే చిక్కు

ఆసుపత్రుల కరపత్రాలు దీనికి వ్యతిరేకమైన తప్పు చేస్తాయి. వాటిలో ప్రమాదాల జాబితా ఉంటుంది, అర్థం ఉండదు. హెపాటిక్ ఆర్టరీ త్రాంబోసిస్ అని తెలుగు లిపిలో రాసినంత మాత్రాన అది తెలుగు కాదు. దాని కింద సంతకం పెట్టే మనిషికి అది ఏమిటో తెలియదు.

తెలుగు చేసినప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ధమనిలో గడ్డ కట్టినది అంటే, గడ్డ అన్న మాటను కంతి అనీ, చీము గడ్డ అనీ వినేవారే ఎక్కువ. కాలేయంలో క్యాన్సరు వచ్చినదని ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. నరం మూసుకున్నది అంటే మరొక చిక్కు. వాడుకలో ధమని, సిర, నాడి మూడింటికీ నరం అన్న మాటే నడుస్తున్నది. విన్నవారు పక్షవాతం అనుకోవచ్చును. పైత్యం అనగానే తరగతిలో నవ్వు వస్తుంది. "కొత్త కాలేయానికి తాజా రక్తం తెచ్చే సన్నని గొట్టంలో రక్తం పేరుకొని దారి మూసుకున్నది" అంటే వాక్యం పొడవయినా ఎవరికైనా తెలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది కామెర్లు అన్న మాట. తెలంగాణ పల్లెలలో పసిరికలు అంటారు. కళ్ళు పచ్చబడితే పసిరికల మందు పోయించటం ఇక్కడ పాత అలవాటు. కాలేయ మార్పిడి జరిగిన మనిషికి కొన్ని నెలల తరువాత కళ్ళు పచ్చబడితే ఇంట్లోవారు పాత జబ్బు తిరిగి వచ్చినదనుకొని ఆ దారి పట్టే ప్రమాదం ఉన్నది. అక్కడ జరుగుతున్నది పైత్యరస నాళం ఇరుకు కావటం కావచ్చును, దాని వెనుక ధమని మూసుకొనటం ఉండవచ్చును. ఆలస్యంగా మూసుకొనే ధమని కొందరిలో ఏ లక్షణమూ లేకుండా ఉంటుంది. కొందరిలో విడవని జ్వరంగానో, కామెర్లుగానో బయటపడుతుంది. 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి ఆ వారం రోజులను మందు పోయించటంలో గడిపితే నష్టం తిరిగి రాదు. ఈ రెండు వాక్యాలు ఏ వార్తలోనైనా, ఏ కరపత్రంలోనైనా ఉండదగినవి. తరచుగా లేనివీ ఇవే.

తరగతి గదిలో చేయదగినది

లోపాన్ని ఎత్తి చూపటం సులభం. దానిని సరిదిద్దటం ఈ విషయంలో అంత కష్టం కూడా కాదు.

మాంసం దుకాణంలో మేక కార్జాన్ని, తెలంగాణలో కలీజా అనేదానిని, కింది వైపు గొట్టాలను కోయకుండా తెప్పించవచ్చును. రక్తనాళాలు ప్రవేశించే చోట మూడు గొట్టాలు కలిసి ఉంటాయి. వెడల్పుగా, పలుచని గోడతో మెత్తగా ఉన్నది నిర్వాహక సిర. సన్నగా, వేళ్ళ మధ్య నలిపితే గట్టిగా తగిలేది ధమని. పచ్చని మరకతో ఉన్నది పైత్యరస నాళం. సిరలోకి ఒక సన్నని గొట్టంతో రంగునీరు పోస్తే అది కాలేయమంతటా పాకటం కనిపిస్తుంది. పిల్లలు ధమనిని వెదకటానికే కొంతసేపు పడుతుంది. పటంలో సన్నగీత అర్థం అప్పుడు తెలుస్తుంది. పని అయిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కొనటం మరువరాదు.

ధ్వని పాఠంలో రెండవ అవకాశం ఉన్నది. కాజీపేట–బల్లార్షా మార్గంలో పెద్దపల్లి స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు హెచ్చు స్థాయిలో, దాటిపోయేటప్పుడు తగ్గు స్థాయిలో వినిపిస్తుంది. ఇటువంటి మార్పును 1842లో క్రిస్టియన్ డాప్లర్ నక్షత్రాల కాంతిని వివరించే ప్రయత్నంలో ప్రతిపాదించాడు. నేడు అదే సూత్రంతో, చెవికి అందని ధ్వని తరంగాలను పొట్ట మీది నుంచి పంపి, కదిలే రక్త కణాల నుంచి తిరిగి వచ్చే తరంగాలను పరిశీలించి ధమనిలో రక్తం పారుతున్నదో లేదో తెలుసుకొంటారు. కోత లేదు, నొప్పి లేదు. చాలా ఆసుపత్రులలో చికిత్స తరువాత మొదటి రోజులలో ఈ పరీక్షను పదే పదే చేస్తారు. ధమని ప్రవాహం వినిపించకపోతే సి.టి. పరీక్షతో నిర్ధారించి, వెంటనే మళ్ళీ శస్త్రచికిత్స చేసిగాని, ధమనిలోకి సన్నని గొట్టం పంపిగాని దారి తెరవటానికి ప్రయత్నిస్తారు. గంటలు గడిచిన కొద్దీ అవకాశం సన్నగిల్లుతుంది.

గర్భిణులకు చేసే పరీక్షగా డాప్లర్ పేరు జిల్లా కేంద్రాలలో ఇప్పటికే పరిచయమైనది. ఆదిలాబాదులో 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. అన్ని పరీక్షలకూ హైదరాబాదుకే పరుగెత్తవలసిన పని లేకపోవచ్చును. కాని ఏ పరీక్ష అడగాలి, ఎందుకు అడగాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నది ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. ఆ ఒక్కరు చాలా ఇళ్ళలో బడికి పోయే పిల్లవాడో, పిల్లో అయి ఉంటారు. ఇంటికి వచ్చిన కాగితాన్ని చదివి వినిపించేది వారే.

కనుక పాఠంలో చేర్చవలసినది పెద్ద అధ్యాయమేమీ కాదు. పటం కింద మూడు వాక్యాలు చాలును. కాలేయపు రక్తంలో పాతిక వంతు తెచ్చే ధమని, పైత్యరస నాళాలకు ఏకైక ఆధారం. ఈ ధమని అందరిలో ఒకే విధంగా ఉండదు. మార్చి అమర్చిన కాలేయంలో అది మూసుకుంటే మొదటి రోజులలో అడ్డదారి లేదు. పుస్తకం మారేవరకు ఆగనవసరం లేదు. పటం గీసే రోజున ఉపాధ్యాయుడు వీటిని నల్లబల్ల మీద రాయవచ్చును, విద్యార్థి తన నోటు పుస్తకంలో ఆ సన్నని ఎర్ర గీత పక్కన రాసుకొనవచ్చును.